మాస్కు తీసే పెద్దక్క

హెడ్ నర్సు పెద్దక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ ఆస్పత్రిలో లిఫ్టు నడిపే మనిషితో సహా అందరికీ తెలుసు. చెప్పులు బయట విడవకుండా ఆమె వార్డులోకి అడుగుపెట్టి బతికి బట్టకట్టినవాడు లేడు. మోచేతుల దాకా సబ్బు రాసుకోలేదని ఒకసారి సూపరింటెండెంటునే గుమ్మంలోంచి వెనక్కి తిప్పి పంపింది. ఆయన పాపం కడుక్కుని వస్తే, గోళ్ళు చూసి మళ్ళీ పంపింది. అలాంటి మనిషి, అరచేతిలో ఇమిడిపోయే పసిగుడ్డు ముందుకు వెళ్ళేసరికి గొంతు పూర్తిగా మార్చేసేది. "ఏమ్మా, లేచావా? బుద్ధిగా ఉన్నావుట కదా, నాకన్నీ చెప్పార్లే" అని ఎంత మెత్తగా పలకరించేదంటే, అప్పుడే ఆమె చేత చీవాట్లు తిని చేతులు కడుక్కుంటున్నవాళ్ళు ఈవిడేనా ఆవిడ అని నోరు వెళ్ళబెట్టేవాళ్ళు.

అది నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. పొడుగాటి వరండా చివర రెండు తలుపులు దాటి వెళ్ళాలి. లోపల అద్దాల పెట్టెలు, వాటి పక్కన మానిటర్లు, గోడ పొడుగునా గాలి గొట్టాలు. ఎప్పుడు వెళ్ళినా గుడగుడమని నీళ్ళ చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. తొందరపడి వచ్చేసిన పిల్లల ఊపిరితిత్తులు ఇంకా పచ్చిగా ఉంటాయి. గాలి వదలగానే తడి కాగితాల్లా లోపల అతుక్కుపోతాయి. ప్రతిసారీ వాటిని విప్పుకోవాలంటే ఆ పసిప్రాణానికి ఓపిక చాలదు. అందుకని ముక్కుకు చిన్న మాస్కు పెట్టి మెత్తగా గాలి తోస్తుంటారు. ఊపిరి తీసేది పిల్లే, ఆ గాలి వెనకనుంచి ఆసరాగా నిలబడుతుంది. మాస్కులోంచి బయటికి వచ్చే గొట్టం చివర ఒక నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది, అక్కడ బుడగలు వస్తుంటాయి. దాన్ని సీప్యాప్ అంటారు గానీ, ఆ వార్డులో ఆయా నుంచి డాక్టరమ్మ దాకా అందరికీ అది బుడగల మిషను.

మిషను పెట్టడం ఒక ఎత్తు, మానిపించడం ఒక ఎత్తు. అస్తమానం దాని మీదే ఉంచితే పిల్ల ముక్కు ఒరుసుకుపోతుంది, నోటితో పాలు తాగడం ఆలస్యమవుతుంది, ఇంటికి పోయే ముచ్చటే ఉండదు. తొందరపడి తీసేస్తే డొక్కలు ఎగరేసుకుంటూ కాసేపు ఆయాసపడి, చివరికి అలిసిపోయి ఊపిరి తీయడమే మర్చిపోతుంది. అవును, మర్చిపోతుంది! ఊపిరి తీసుకోవాలన్న ధ్యాస ఆ పిల్లలకు ఒక్కోసారి తప్పిపోతుంది. వీపు నిమిరితేనో అరికాలు గీరితేనో గుర్తొచ్చి మళ్ళీ తీసుకుంటారు. మాస్కు ఎప్పుడు తీయాలో డాక్టరమ్మ చెబుతుంది. ఆవిడ సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి, ఒక మాట రెండుసార్లు చెప్పదు. తీసే చెయ్యి మాత్రం పెద్దక్కది.

తీయడంలో ఏముంది, పట్టీ విప్పితే వచ్చేస్తుంది. నన్నడిగితే పెద్దక్క పనితనమంతా మళ్ళీ పెట్టడంలో ఉంది. పిల్ల ఆగలేకపోయి మళ్ళీ మాస్కు పెట్టాల్సి వస్తే, పక్కన నిలబడ్డ తల్లి మొహం చూడలేం. అలాంటప్పుడు పెద్దక్క తల్లికి వినబడేలా పిల్లతో కబుర్లు చెప్పేది. "షికారు చాల్లే, ఇంటికి పద. ఇంకోరోజు ఇంకాస్త దూరం పోదాం. కాళ్ళు నొప్పులు పుట్టాయా తల్లీ?" అంటూ, మాట పూర్తయ్యేలోపల మాస్కు ముక్కు మీద కుదురుకునేది, సీసాలో బుడగలు మొదలయ్యేవి. కొత్తగా చేరిన నర్సు ఒకమ్మాయి నోరుజారి "ఈ పిల్ల ఫెయిలైందక్కా" అన్నందుకు, "ఇంకోసారి ఆ మాట వింటే నిన్ను గుడ్డలు మడతపెట్టే గదిలో పడేస్తాను" అని అక్కడికక్కడే కడిగిపారేసింది. తల్లులు నవ్వేవాళ్ళు. నవ్వాక మళ్ళీ ధైర్యం వచ్చేది.

ఇంకో ముచ్చట కూడా ఉంది ఆమెకు. ఆ వార్డులో తల్లులెవరూ తమ పిల్ల మొహం పూర్తిగా చూసి ఉండరు. కనుబొమల దాకా టోపీ, ముక్కు మీద మాస్కు, బుగ్గల మీద పట్టీలు, నోట్లో పాల గొట్టం. ఇన్నింటి మధ్య కనిపించేది కాస్తంత గడ్డం. అందుకని మాస్కు తీసే రోజున పెద్దక్క ఒక ఏర్పాటు చేసేది. తల్లిని "భోంచేసి రా, పో" అని తరిమేసి, మాస్కు తీసి, పాల గొట్టం మార్చే పని కూడా అప్పుడే పెట్టుకునేది. పాతది తీసి కొత్తది వేసేలోపల ఆ కాసేపూ మొహం మీద ఏమీ ఉండదు కదా! గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో మొహం తుడిచి, పట్టీల అంటు పోగొట్టి, కొత్త గుడ్డలో చుట్టి, తల్లి రాగానే గిరుక్కున తిరిగి "ఇదిగోనమ్మా నీ పిల్ల!" అని చూపించేది. ఏడ్చినవాళ్ళున్నారు, ముద్దులు పెట్టబోయి తిట్లు తిన్నవాళ్ళున్నారు. "అయ్యో రాత! అచ్చం మా అత్తగారి ముక్కే!" అని నుదురు కొట్టుకున్నావిడ కూడా ఉంది. ఆ ఒక్క నిమిషం కోసమే ఆమె అంత ఊపిరాడని పనీ చేస్తుందని తోటివాళ్ళు అనుకునేవాళ్ళు, అందులో అబద్ధం లేదు.

ఆ ముచ్చటే ఒకసారి ఆమె కొంప ముంచింది.

ఆ తల్లి దర్జీ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చిన్న కొట్టు ఆమెది. మొగుడు సరుకుల లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఏడో నెల నిండీ నిండకుండానే, కాలు కుట్టు మిషను పెడలు మీద ఉండగానే నొప్పులు వచ్చి, ఆస్పత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్లను కంది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కాన్పు. ముందు రెండు పోయాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, కాగితాలు చూసి డాక్టరమ్మకు తెలిసింది, డాక్టరమ్మ పెద్దక్కకు చెప్పింది. అందుకని ఆ పిల్ల మీద పెద్దక్కకు ఒక కన్ను ఎక్కువే ఉండేది. పాల గొట్టం లాగెయ్యడానికి గుప్పెడు వేళ్ళూ ఎప్పుడూ పైకే లేస్తుంటే, "మొండిఘటం" అని పేరు పెట్టింది. తల్లి రోజంతా పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని, కిటికీలాంటి సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి, పిల్ల పాదం పట్టుకుని ఉండేది. పెద్దగా మాట్లాడే రకం కాదు. చూపు మాత్రం సూది బెజ్జంలో దారం ఎక్కించే చూపు, ఏదీ వదలదు.

మొదటిసారి మాస్కు తీసినప్పుడు మొండిఘటం పూటన్నా గడవకుండానే అలిసిపోయింది, మొహం చూపించే ముచ్చట దాకా పోనేలేదు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంటే డాక్టరమ్మ తల ఊపింది, పెద్దక్క తన షికారు కబుర్లు చెబుతూ మళ్ళీ పెట్టేసింది. దర్జీ అమ్మాయి నవ్వలేదు గానీ, "పర్లేదులే అక్కా, ఇంకా చిన్నది కదా" అంది. అంతవరకూ బాగానే ఉంది.

ఆ వారంలోనే పక్క పెట్టెలో బిడ్డ పోయాడు. వాడు మరీ ముందు పుట్టాడు, ఒంట్లోకి ఇన్ఫెక్షన్ పాకింది, ఎవరి చేతుల్లోనూ లేకపోయింది. అలాంటప్పుడు కూడా పెద్దక్క ఇంకొకళ్ళ చేత చేయించేది కాదు. గొట్టాలన్నీ తనే తీసింది. పట్టీల అంటు చర్మం లేవకుండా నెమ్మదిగా తడిపి తీసింది. గోరువెచ్చని దూదితో మొహం తుడిచి, కొత్త గుడ్డలో గడ్డం దాకా చుట్టి, వాడి తల్లి చేతుల్లో పెట్టింది. ఆ తల్లికి కొడుకు మొహం పూర్తిగా కనిపించడం అదే మొదటిసారి. పెద్దక్క కంట తడి రానివ్వలేదు, ఆవిడ పక్కన నేల మీద కూలబడి కూర్చుంది. దర్జీ అమ్మాయి తన స్టూలు మీంచి మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఎవరూ ఆమెను బయటికి పంపాలనుకోలేదు.

తరవాత కొన్నాళ్ళకు డాక్టరమ్మ మొండిఘటాన్ని పరీక్ష చేసి, "ఇవాళ ఇంకోసారి చూద్దాం" అంది. పెద్దక్క మొహం వెలిగిపోయింది. దర్జీ అమ్మాయిని పిలిచి, "పో, వెళ్ళి కాస్త మెతుకులు నోట్లో వేసుకుని రా, ఇక్కడ నువ్వు చేసేదేం లేదు" అని, ఎందుకో చెప్పకుండా ఎప్పటిలాగే తరిమేసింది. మాస్కు తీసింది. పిల్ల ఒకసారి మొహం చిట్లించి, చక్కగా ఊపిరి తీసుకుంటోంది. చప్పుడు లేకుండా ఉంటుందని మిషను ఆపింది. పాల గొట్టం తీసింది, టోపీ తీసింది, మొహం తుడిచింది, కొత్త గుడ్డలో చుట్టింది. మానిటరుకు అంకెలు అందించడానికి కాలికి కట్టిన లైటు వదులైతే సరిగ్గా కడదామని దాన్ని కూడా ఒక నిమిషం విప్పింది. మానిటరు మీద గీతలు సాపుగా అయిపోయాయి.

సరిగ్గా అప్పుడే దర్జీ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. పెద్దక్క అటు తిరిగి ఉంది. ఆ తల్లికి కనిపించిందల్లా ఆపేసిన మిషను, గీతలు లేని మానిటరు, పెద్దక్క చేతుల్లో కొత్త గుడ్డ, ఆ గుడ్డలోంచి ఏ గొట్టమూ లేని చిన్న మొహం.

ఆ కేక వరండా అవతల ఉన్న లిఫ్టు దాకా వినిపించిందిట. "వద్దు! వద్దక్కా!" అంటూనే ఆమె అక్కడే విరుచుకుపడిపోయింది. పెద్దక్క గిరుక్కున తిరిగింది, మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. ఏం జరిగిందో తెలియడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. తెలిశాక పై ప్రాణాలు పైనే పోయాయి. "బతికే ఉందమ్మా! చూడు, చూడు, బతికే ఉంది! ఊపిరి తీస్తోంది!" అని పిల్లను ఎత్తి చూపిస్తుంటే, ఆ గోలకు ఉలిక్కిపడిన పిల్ల గుక్కపట్టి నీలంగా మారిపోయింది. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ మాస్కు, మళ్ళీ బుడగలు. ఆ పూట షికారు కబుర్లు లేవు.

చెప్పొద్దూ, తప్పు పెద్దక్కదే. కానీ ఆ తప్పు ఆమెలాంటి వాళ్ళే చేయగలరు. ఆమె మనసులో ఆ రెండు పనులూ రెండు వేర్వేరు లోకాలు. ఒకటి తలుచుకుంటేనే గుండె బరువెక్కే పని, ఒకటి ఉద్యోగం మొత్తంలోకి ఇష్టమైన పని. రెంటినీ అంతే శ్రద్ధగా, అవే చేతులతో, అదే గోరువెచ్చని దూదితో చేస్తోంది కాబట్టి, తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళకు రెండూ ఒకేలా ఉంటాయన్న సంగతి అన్నేళ్ళలో ఒక్కసారీ ఆమెకు తట్టలేదు. తలుపు వైపునుంచి చూడాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు మరి.

కళ్ళు తెరిచాక దర్జీ అమ్మాయి అన్న మొదటి మాట, "ఆవిణ్ణి నా పిల్లను ముట్టుకోవద్దనండి." ఆ మాట పెద్దక్క ఎదురుగానే అంది. ఆ తరవాత స్టూలు మీంచి లేవడం మానేసింది. తిండికి వెళ్ళదు, స్నానానికి వెళ్ళదు, పెట్టె దగ్గర కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంటుంది. మాస్కు సంగతి ఎత్తితే చాలు, "తీయొద్దు. ఎంతకాలమైనా సరే, ఉండనివ్వండి" అంటుంది. ముక్కు రెండు రంధ్రాల మధ్య చర్మం ఎర్రబడుతోందని డాక్టరమ్మ చూపించింది. ఊపిరితిత్తులు సిద్ధంగానే ఉన్నాయనీ, ఇక ఆలస్యం చేసినకొద్దీ ముక్కుకు పుండు పడుతుందనీ, మిషనుతో ఇంటికి పంపడం కుదరదనీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. అన్నీ విని ఆ తల్లి, "తీస్తే నేను చచ్చిపోతాను డాక్టరుగారూ" అంది. అది బెదిరింపులా లేదు, జరగబోయేది చెప్పినట్టుంది.

డాక్టరమ్మ తలుచుకుంటే ఆమె మాట పక్కనపెట్టి తీయించేయగలదు. అలా చేయలేదు, పెద్దక్కను పక్కకు పిలిచింది.

"ఇంకో సిస్టర్‌కి అప్పగించనా ఆ పిల్లని?"

"మీ ఇష్టం డాక్టరమ్మా" అంది పెద్దక్క. గొంతులో పౌరుషం ఉంది గానీ కళ్ళు మాత్రం నేల మీదున్నాయి. "ఒక్క మాట. ఆ అమ్మాయి తప్పు లేదు."

"నాకు తెలుసు. రేపటిదాకా ఆలోచించుకో."

పెద్దక్క మొగుడు డ్రైవింగ్ నేర్పుతాడు. రోజంతా కొత్తవాళ్ళ పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చాక ఆ కథలన్నీ పెళ్ళానికి చెప్పి బరువు దించుకుంటాడు. ఆ సాయంత్రం పెద్దక్క పలకకపోయినా ఆయన ధోరణి ఆయనదే.

"ఇవాళ ఒకావిడ వచ్చిందిలే, మహాతల్లి! మొన్నెప్పుడో కళ్ళెదురుగా ఏదో యాక్సిడెంటు చూసిందిట. స్టీరింగు పట్టుకుందా, ఇక వదల్దు. బండి స్టార్ట్ చెయ్యమంటే ఏడుపు. ఏం చేస్తాను? కీ తీసి జేబులో వేసుకున్నాను. అమ్మా, ఇవాళ బండి ఎక్కడికీ కదలదు, ఊరికే బ్రేకు తొక్కుతూ కూర్చో అన్నాను. తొక్కింది, తొక్కింది, కాలు నొప్పెట్టేదాకా తొక్కింది. పోయేటప్పుడు తనే అడిగింది, రేపు కొంచెం ముందుకు పోనిద్దామా అని."

కంచంలో పెద్దక్క చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది, కూరలో ఉప్పెక్కువైందా? నేనే వండాను, నిజం చెప్పు."

"నోరు మూసుకుని ఆ బ్రేకు సంగతి ఇంకోసారి చెప్పండి."

"నోరు మూసుకుని ఎలా చెప్పనే తల్లీ!" అన్నాడాయన. ఆమె వినలేదు, అప్పటికే ఎక్కడో ఉంది.

మర్నాడు పొద్దున్నే పెద్దక్క వెళ్ళి దర్జీ అమ్మాయి స్టూలుకు కాస్త దూరంలో నిలబడింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. జన్మలో ఎవరి ముందూ అలా నిలబడి ఎరగదు.

"తప్పు నాదమ్మా" అంది. "పక్క బిడ్డను ఎలా చుట్టానో నువ్వు చూశావు. నీ పిల్లనూ అలాగే చుట్టాను. చూస్తే నీ గుండె ఏమైపోతుందో నాకు తట్టలేదు. ఇన్నేళ్ళ సర్వీసు ఉండి తట్టలేదు, సిగ్గుచేటు."

దర్జీ అమ్మాయి తల తిప్పలేదు. "కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది" అంది.

"నాకూ అదే కనిపిస్తోంది." పెద్దక్క చేతులు వెనకే ఉంచుకుంది. "నీ పిల్లను నేను ముట్టుకోను. మాట ఇస్తున్నా. నువ్వే ముట్టుకో. నీకు మాస్కు పెట్టడం నేర్పిస్తాను."

అప్పుడు తల తిప్పింది. "పెట్టడమా?"

"పెట్టడమే. తీసే మాట నేను ఎత్తను. ముక్కు చూడ్డానికి పూటపూటకీ మాస్కు ఎత్తి మళ్ళీ పెడుతున్నాం కదా, అప్పుడు నువ్వు కళ్ళు మూసుకుంటున్నావు. ఊడిపోతే పెట్టడం నీకొస్తే, ఇక ఎవరి చేతుల వంకా చూడక్కర్లేదు."

ఆ అమ్మాయి పిల్ల పాదం మీంచి చెయ్యి తీసింది. తరవాత లేచి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని వచ్చింది.

ఇక అక్కణ్ణుంచి చూడాలి! దర్జీ చేతులు కదా, రెండు రోజుల్లో పట్టేశాయి. టోపీ కనుబొమల దాకా లాగడం, మాస్కును అదమకుండా ముక్కు మీద వాల్చడం, రెండు వైపులా పట్టీ ఒకే బిగువులో ఉంచడం. ఎక్కువ బిగిస్తే చర్మం మీద గుంట పడుతుంది, వదులైతే గాలి పక్కనించి పోయి బుడగలు ఆగిపోతాయి. మొదటిసారి ఆమె పెట్టినప్పుడు సీసాలో బుడగ రాలేదు. పెద్దక్క చేతులు వెనకే కట్టుకుని, "ఎడమ పట్టీ ఒక పిసరు" అంది. పిసరు జరిపింది. గుడగుడమని బుడగలు మొదలయ్యాయి. ఆ అమ్మాయి మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో!

ఇంకో రోజు తనే, "ఈ టోపీ నిలవదక్కా, వెనక వదులు" అని, టోపీని ఇంటికి పట్టుకెళ్ళి రెండు కుచ్చులు వేసి, ఉతికి తెచ్చింది. అది పెట్టాక మాస్కు జరగడం మానేసింది. ముక్కు మీద ఎరుపు కూడా తగ్గుముఖం పట్టింది. "నా జీతంలో సగం నీకిచ్చెయ్యమంటారు ఇక" అంది పెద్దక్క. తరవాత వీపు ఎలా నిమరాలో, అరికాలు ఎలా గీరాలో, ఎంతసేపటికి మానేసి మాస్కు అందుకోవాలో కూడా నేర్పింది. మాటలతోనే నేర్పింది, ఒక్కసారి కూడా పిల్లను ముట్టుకోలేదు. చేతులు దురద పెట్టాయో ఏమో, ఆ రోజుల్లో పక్క పిల్లల గుడ్డలన్నీ ఆమే మార్చేసేది.

ముక్కు సంగతి కాస్త కుదుటపడగానే పెద్దక్కకు మళ్ళీ తొందర పుట్టుకొచ్చింది. డాక్టరమ్మను వరండాలో పట్టుకుని, "ఇక అడగనా ఆ అమ్మాయిని? చేతులు కుదిరాయి" అంది.

"నీ ఉత్సాహానికి పిల్ల బరువు పెరగదు పెద్దక్కా" అంది డాక్టరమ్మ. "ముక్కు మానుతోంది కాబట్టి ఇప్పుడు మనకు వ్యవధి ఉంది. పిల్లకి ఇంకాస్త కండ పట్టనీ. ఆ తల్లి నోటినుంచి మాట రానీ. నువ్వు అడిగావో, మళ్ళీ మొదటికొస్తుంది." పెద్దక్క సణుక్కుంటూ వెళ్ళిపోయింది గానీ, డాక్టరమ్మ చెప్పిందే నిజమని ఆమెకు తెలుసు. నోరు కట్టుకుని ఉండటం పెద్దక్కకు ఎంత కష్టమో ఆ వార్డులో ఆయానడిగితే చెబుతుంది.

చివరికి ఒక పొద్దున ముక్కు తుడవడానికి మాస్కు ఎత్తి పట్టుకున్న దర్జీ అమ్మాయి, దాన్ని వెంటనే పెట్టకుండా ఆగింది. పిల్ల వంక చూస్తూనే, "అక్కా, కాసేపు పెట్టకుండా చూద్దామా?" అంది.

పెద్దక్క డాక్టరమ్మ కోసం పరిగెత్తింది. లేచి పరిగెత్తడం ఆ వార్డులో నిషేధం, ఆ నిషేధం పెట్టింది కూడా ఆవిడే.

డాక్టరమ్మ ఒప్పుకుంది, తన పద్ధతిలో చేయాలంది. మాస్కు తిరిగి పెట్టించి, తల్లిని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, పిల్లను ఆమె గుండెల మీద బోర్లా పడుకోబెట్టించింది. మిషను ఆపొద్దంది, పక్కనే బుడగలు వస్తూ ఉండాలి. కాలి లైటు గట్టిగా ఉందో లేదో తనే చూసింది. మానిటరు తల్లికి ఎదురుగా తిప్పింది. అన్నీ అయ్యాక తను ఒక పక్క, పెద్దక్క ఒక పక్క నిలబడ్డారు. "నీకెప్పుడు తీయాలనిపిస్తే అప్పుడు తియ్యమ్మా. తొందరేం లేదు" అంది.

దర్జీ అమ్మాయి చాలాసేపు ఊరికే పిల్ల వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. తరవాత ఒక పట్టీ విప్పింది. రెండోది విప్పింది. మాస్కు ఎత్తి తన పిడికిట్లోనే పట్టుకుంది. పిల్ల తల తన గుండెకు ఆనించి ఉంది, ఆ చిన్న ముక్కు మీద పట్టీల గీతలు, బుగ్గల మీద నొక్కులు. ఆమె చూస్తోంది, కళ్ళు మూయలేదు. పిల్ల ఊపిరి తీస్తోంది. డొక్కలు ఎగరలేదు, ముక్కుపుటాలు అదరలేదు. పక్కన ఎవరికీ చెందని బుడగలు గుడగుడమంటూనే ఉన్నాయి. కాసేపు గడిచింది, ఇంకాసేపు గడిచింది. వెలుతురు కిటికీ అంచు దాటి ఆమె మోకాళ్ళ మీదకి వచ్చింది.

అప్పుడు పిల్ల ఆగిపోయింది.

వీపు కదలడం లేదు. మానిటరు మీద అంకెలు జారడం మొదలైంది, వెంటనే అలారం కీచుమంది. పెద్దక్క చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళి గాల్లో నిలిచిపోయింది. ముట్టుకోనని మాటిచ్చింది. ఆ చెయ్యి ఇంకో క్షణం ఆగేది కాదేమో, డాక్టరమ్మ కళ్ళతోనే ఆగమంది. దర్జీ అమ్మాయి కేక వేయలేదు. ఒక చేతిలో మాస్కు సిద్ధంగా పట్టుకునే, రెండో చేతి వేళ్ళతో పిల్ల వీపు కింది నుంచి పైకి గట్టిగా నిమిరింది. "లే, లే తల్లీ, ఇక్కడే ఉన్నాను, తీసుకో" అంది. ఇంకోసారి నిమిరింది. పిల్ల ఒళ్ళు ఒకసారి ముడుచుకుని విచ్చుకుంది. నోరు తెరిచి పెద్ద గుక్క లోపలికి లాగింది, ఆ వెంటనే ఇంకోటి, ఆపైన తన మామూలు లయలో పడింది. అంకెలు ఎక్కాయి. అలారం తనంతట తనే నోరు మూసుకుంది.

డాక్టరమ్మ వంగి పిల్ల ఛాతీ విని, రంగు చూసి, "మాస్కు అక్కడ పెట్టెయ్యమ్మా. తనే అందుకుంది" అంది. ఆ పూటా ఆ మర్నాడూ, ఆ తరవాత ఇంటికి వెళ్ళేదాకా కూడా ఆ మాస్కు మళ్ళీ అవసరం పడలేదు.

దర్జీ అమ్మాయి పిడికిలి విప్పి మాస్కును పక్కన పెట్టింది. పిల్ల తల మీద గడ్డం ఆనించి, మెల్లగా కళ్ళెత్తింది. ఎదురుగా పెద్దక్క ఇంకా అలాగే ఉంది, చెయ్యి గాల్లో, మొహం ఎర్రగా, మెడ నరాలు బిగుసుకుని.

"అక్కా" అంది ఆ అమ్మాయి. "ఇక మీరు కూడా ఊపిరి తీసుకోండి."

తను ఇంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నానని పెద్దక్కకు అప్పుడు తెలిసింది. ఒక్కసారిగా వదిలి, తీసుకోబోతే అది వెక్కిళ్ళుగా మారింది. ఎప్పుడూ ఎవరి ఎదుటా కన్నీరు పెట్టని మనిషి, పిల్లలు ఉలిక్కిపడతారని కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గుండెల మీద పిల్ల ఉందని లేవలేక, దర్జీ అమ్మాయి కుర్చీలోంచే చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకుని, పిల్ల వీపు మీద పెట్టుకుంది.